తడవని అగ్గిపెట్టె

నవంబరు వస్తే లాకుల మీంచి
సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడు, ఎక్కకుండా.
చిక్కం గవర్రాజు. కాలవ లస్కరుగా రిటైరయ్యాడు,
అంతకు ముందు పదకొండేళ్ళు పటాలంలో.
"బతికే ఉన్నానని రాయండి మాస్టారూ" అనేవాడు.
రాసేవాణ్ణి. బడి ముద్ర వేసేవాణ్ణి.
ఆ ఫారం మనిషిని అడిగేది అదొక్కటే.

ఆయన మీద ఊళ్ళో ఒక నవ్వు ఉండేది:
ఎకరంన్నర పండించి గింజ ఇంట్లో పెట్టడు,
కళ్ళంలోంచే మిల్లుకి తోలేస్తాడు, వచ్చిన ధరకి.
వాకిట్లో పురి కట్టనోడు ఏం రైతండీ అని.

ఆ ఏడు బడి ఎదురుగా, కాలవ అవతల,
గుబ్బల వాళ్ళు పురి కడుతున్నారు.
గడ్డి వెంటి చుట్టు మీద చుట్టు లేస్తుంటే
లోపల సర్దడానికి దిగిన కుర్రాడు
నడుం దాకా, భుజాల దాకా,
ఆఖరికి తలగుడ్డ ఒక్కటే.
అదీ కనపడకుండా పోయాక
గవర్రాజు కుర్చీ తిప్పుకున్నాడు, గోడకేసి.
గోడతోనే చెప్పాడు.

"అక్కడా మన సీమేనండి.
కాలవలు, కొబ్బరి, రేవులో గేదెలు,
కోతలప్పుడు అదే వాసన.
పంజాబు వాడికి అవి గడ్డి దిబ్బలు.
నాకు తెలుసు, పురులని.
ధాన్యం తగలెట్టమని ఆర్డరు. ధాన్యం.
మనుషులని ఎవరూ అనలేదండి.
చిన్నప్పుడు మా పెదనాన్న పురిలో దాక్కునేవాణ్ణి.
గింజ తగ్గాక పైన ఖాళీ ఉంటది, మనిషి పడతాడు.
నూగు ముక్కులోకెళ్ళి దగ్గొస్తది,
అరచెయ్యి కొరుక్కుని ఆపుకుంటాం.
ఆ దగ్గు విన్నానండి. చెయ్యి కొరుక్కున్న దగ్గు.
అంతమందిలో అదేంటో తెలిసింది నాకొక్కడికే."

నేను అందరూ అనేదే అన్నాను:
ఆర్డరు కదా, మీరు కాకపోతే ఇంకొకరు...
ఆయన చెయ్యెత్తాడు,
లాకు తలుపు దించేముందు
పడవ వాణ్ణి ఆపినట్టు.

"నా పక్కన ఒకడున్నాడు. బళ్ళారి వైపు వాడు,
పేరు కూడా నిలవలేదు నాకు.
జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు, చూశాడు,
తడిసిపోయింది అన్నాడు.
వారం నించీ చుక్క వాన లేదండి.
హవల్దారు వాడి అమ్మని తిట్టాడు.
అంతే.
రాత్రి వాడి రొట్టె కూడా ఎవరూ ఆపలేదు.
ఒక బూతు మాటండి దాని ఖరీదు.
నేను పుల్ల గీశాను. గాలికి ఆరిపోయింది.
దోసిలి అడ్డం పెట్టి,
కార్తీక దీపానికి పెడతాం చూడండి, అలాగ,
రెండోది గీశాను.
మొదటి పుల్ల ఆర్డరు గీసిందనుకోండి.
రెండోది ఎవరు గీశారు?"

గంట కొట్టారు. పిల్లలు మంచినీళ్ళ కుండ మీద పడ్డారు.
ఆయన సంచీలోంచి డిశ్చార్జి పుస్తకం తీశాడు,
నడవడి: అత్యుత్తమం, ఊదారంగు సిరాలో.
"ఇది కొట్టేసి రాయండి మాస్టారూ."
ఏం రాయమంటారని అడగలేదు నేను.
నాకు అధికారం లేదు గవర్రాజు గారూ, అన్నాను.
"అవునండి" అన్నాడు, మర్యాదగానే,
"ఎవరికీ ఉండదు."

నా కలం నిండా సిరా ఉంది.
బతికే ఉన్నాడని రాశాను. ముద్ర వేశాను.
ముద్ర కొంచెం వంకరగా పడింది.

లాకుల వంతెన మధ్యకి పోయి ఆగిపోయాడు,
సైకిలు నడుముకి ఆనించుకుని.
ఎనకాల ఎడ్లబండి వాడు అదిలిస్తున్నాడు,
కింద తలుపుల సందుల్లోంచి నీళ్ళు అరుస్తున్నాయి.
అవతల గుబ్బల వాళ్ళ కుర్రాడు
పురి అంచు పట్టుకుని పైకొచ్చి,
ఒళ్ళంతా నూగుతో, రెండుసార్లు దగ్గి,
కిందికి దూకేదాకా
ఆయన కదల్లేదు.